డెంగీ దోమకు రాత్రి పొగ ఎందుకు? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

వానలు మొదలయ్యాయంటే ఫాగింగ్ బండ్లు బయల్దేరతాయి. దీపాలు పెట్టాక వీధంతా తెల్లటి పొగ కమ్ముకుంటుంది, జనం తలుపులు కిటికీలు బిగించుకుంటారు. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ అప్పటికే మంచం కిందో, కొక్కేనికి వేలాడే చొక్కా మడతల్లోనో కూర్చుని ఉంటుంది. అది కుట్టేది పొద్దున్న, మళ్లీ పొద్దుగూకే ముందు. మూసిన తలుపుల వెనక ఉన్న దోమను వీధిలో పొగ ఏం చేస్తుంది? ఫాగింగ్ అసలే వద్దనడం లేదు. దోమలన్నిటినీ ఒకే పద్దులో రాయడం మానమని అడుగుతున్నాం.

వైరస్‌కు దోమ ఉత్త సూది లాంటిది కాదు. రక్తంతో పాటు పొట్టలోకి పోయిన వైరస్‌లు చాలావరకు అక్కడే అరిగిపోతాయి. హెచ్ఐవీ దోమకాటుతో రాకపోవడానికి అదొక కారణం. డెంగీ వైరస్ ఏడిస్ పేగు గోడ కణాల్లోకి దూరి, అక్కడ పెరిగి, గోడ దాటి, చివరికి లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. మన వానాకాలపు వేడిలో దీనికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. చేరిందంటే ఆ దోమ బతికున్నన్నాళ్లూ వైరస్‌ను అంటించగలదు. మురుగు కాల్వల్లో పెరిగే క్యూలెక్స్‌లో డెంగీ వైరస్ ఇంతదూరం రాదు. అందుకే అది రాత్రంతా పీక్కుతిన్నా డెంగీ రాదు. దానితో వచ్చేది బోదకాలు. మలేరియా దోమతో వస్తుందని కనిపెట్టిన బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో మలేరియా రోగుల రక్తం తాగించిన దోమలను కోసి కోసి విసిగిపోయింది కూడా అవి వేరే జాతులవి కావడం వల్లే. 1897 ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్‌ను కోశాకే పరాన్నజీవి కనిపించింది. ఆ ఊరి సంగతి మనకే గుర్తు చేయాల్సి రావడం విచిత్రం.

ఇక ఇళ్లలో నిలవ నీళ్లు ఖాళీ చేయించే శుక్రవారం డ్రై డే. ఆలోచన సరైనదే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి నీళ్లు ఖాళీ చేస్తే ఆ వరుస తెగాలి. కానీ చాలాచోట్ల డ్రమ్ము వంచి, నీళ్లు పారబోయించి, సంతకం పెట్టించుకుని వెళ్తున్నారు. ఏడిస్ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, తడి గోడ మీద. నల్లటి నలుసుల్లా అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే పోవు. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. పీచుతోనో బ్రష్షుతోనో లోపలి గోడను, ముఖ్యంగా నీటి గీత పడిన చోట, గట్టిగా రుద్ది కడగాలి. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, వాడని రోలు, పూలకుండీ కింది పళ్లెం అన్నీ ఇంతే.

రోజు విడిచి రోజు నల్లా వచ్చే బస్తీలో డ్రమ్ము ఖాళీ చేయమంటే ఎవరూ చేయరు, చేయలేరు. అక్కడ దోమ పిల్లలను చంపే టెమీఫాస్ మందు 1 శాతం గుళికలు 200 లీటర్ల డ్రమ్ముకు 20 గ్రాములు చాలు. గుప్పెడు లెక్కన వేస్తే వాసనకు ఇంటివాళ్లు నీళ్లన్నీ పారబోసి కొత్తవి పట్టుకుంటారు, మందూ పోతుంది. సిబ్బంది చేతికి కొలత చెంచా ఇవ్వండి, దానికి పెద్ద ఖర్చేం కాదు. నూనెలో ముంచిన ఆయిల్ బాల్స్, దోమ పిల్లలను తినే గంబూషియా చేపలు కుంటలకు, ఆరుబయట నిలిచిన నీటికి పనికొస్తాయి, ఇంటి పాత్రల్లో పెరిగే ఏడిస్‌కు కాదు. వాటి లెక్క డెంగీ నివేదికలో చూపించడంలో అర్థం లేదు.

డెంగీ కేసు దగ్గర అసలు ఆలస్యం పరీక్షలో ఉంది. జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి జ్వరం మొదలైన ఐదో రోజు దాకా రోగి నుంచి దోమకు వైరస్ ఎక్కుతుంది. రక్తంలో ప్రతిరక్షకాలను వెతికే ఐజీఎం పరీక్ష సరిగ్గా తేలేది ఆ ఐదు రోజులూ దాటాకే. ఫలితం చేతికొచ్చాక స్ప్రేయర్ పట్టుకుని వెళ్తే దోమ తన పని ముగించి ఉంటుంది. అనుమానం రాగానే, వైరస్ ప్రొటీన్‌ను మొదటి రోజుల్లోనే పట్టే ఎన్ఎస్1 పరీక్ష చేయించాలి. రోగిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. అదే రోజు ఆ ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో లోపల పైరెత్రమ్ అనే దోమల మందు కొట్టాలి. 2 శాతం పైరెత్రమ్ ఒక పాలు, కిరోసిన్ 19 పాళ్లు. పొయ్యి ఆర్పి, తిండి మీద మూతలు పెట్టి, ఫ్యాన్లు ఆపి కొట్టాక అరగంట తలుపులు మూసి ఉంచాలి. ఈ దోమ సాధారణంగా పుట్టిన చోటు నుంచి రెండు మూడు వందల మీటర్లు దాటదు కాబట్టి ఊరంతా తిరగక్కర్లేదు.

మెదడువాపుకు ఇదే సూత్రం వాడితే డబ్బు దండగ. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను మోసే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ వరిమళ్లలో పుడుతుంది, చీకటి పడ్డాక ఆరుబయట కుడుతుంది. వైరస్ పెరిగేది పందుల్లో, కొంగల్లో. మనిషి రక్తంలో అది దోమకు ఎక్కేంత ఉండదు. అంటే జబ్బుపడిన పిల్లవాడి ఇంటి చుట్టూ పొగ వేయడం వల్ల గొలుసు తెగదు. జబ్బు ఉన్న జిల్లాల్లో 9 నెలలకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య టీకా, ఊరికి దూరంగా పందుల దొడ్లు, వీలున్నచోట ఆరుతడి వరి: పని వీటిలో ఉంది. 2003లో మన పిల్లల్ని పొట్టనబెట్టుకున్న చండీపురా వైరస్‌ను మోసేది దోమ కూడా కాదు, గోడ పగుళ్లలో పెరిగే ఇసుక ఈగ.

కాబట్టి ప్రతి మున్సిపాలిటీలో లార్వాను, అంటే నీటిలోని దోమ పిల్లను చూసి జాతి చెప్పగలిగిన మనిషి ఒకరుండాలి. ఇది నేర్పడం కష్టం కాదు. తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి చూస్తే అనాఫిలిస్ పిల్ల నీటి మట్టానికి సమాంతరంగా తేలుతుంది; క్యూలెక్స్ పొడవాటి ఊపిరి గొట్టంతో తలకిందులుగా వేలాడుతుంది; ఏడిస్ కూడా వేలాడుతుంది గానీ దాని గొట్టం పొట్టి. వారం వారం వచ్చే నివేదికలో "లార్వా ఉన్నది" అన్న గడి తీసేసి, ఏ జాతి, ఏ పాత్రలో, 100 ఇళ్లకు అలాంటి పాత్రలు ఎన్ని అన్న మూడు గడులు పెట్టించండి. ఫాగింగ్ బండి ఏ వీధికి, ఏ వేళకు వెళ్లాలో ఆ మూడు గడులు చూసి నిర్ణయించమని ఆదేశాలివ్వండి.

ఇట్లు,
దోమల నియంత్రణలో పనిచేస్తున్న కొందరు కీటక శాస్త్ర నిపుణులు