నా బ్లాక్ ఎక్కడుంది?

కస్టమర్ కేర్ అధికారి గారికి,

నమస్కారం. మీ ల్యాబ్‌కి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ ఒకటే జవాబు: "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది." నేను పంపింది అభిప్రాయం కాదండీ, నా రొమ్ములోంచి తీసిన ముక్క.

నాకు డీసీఐఎస్. పాల నాళాల్లోనే ఉండి, వాటి గోడ దాటని తొలి దశ కేన్సర్. లంపెక్టమీ, అంటే రొమ్మంతా కాకుండా ఆ భాగం వరకే తీసే ఆపరేషన్, అయింది. మార్జిన్లు బాగానే వచ్చాయి, అంటే తీసిన ముక్క అంచుల్లో కేన్సర్ లేదు. ఇక రేడియేషన్ తీసుకోవాలా వద్దా అన్నదే మిగిలింది. మళ్లీ వచ్చే ముప్పు ఎంతో స్కోరు చెప్పే జన్యు పరీక్ష కోసం ఆస్పత్రివాళ్లు ఆ ముక్క ఉన్న మైనపు బ్లాక్‌ని మీకు పంపారు. 14 రోజుల్లో రిపోర్టన్నారు. ఇవాళ్టికి 7 వారాలు.

మొదటిసారి ఫోన్ చేస్తే అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది: "శాంపిల్ ఫాస్టింగ్‌లో ఇచ్చారా మేడమ్?" ఆపరేషన్ రోజున ఏమీ తినలేదు కాబట్టి అవుననే చెప్పాను. రెండోసారి "బ్లాక్ మాకు చేరలేదు" అన్నారు. కొరియర్ రసీదు మీద మీ వాళ్ల సంతకం ఉంది. ఫొటో తీసి పంపాను. మూడోసారి "చేరింది, వేరే బ్రాంచికి వెళ్లింది" అన్నారు. ఏ బ్రాంచి అంటే హోల్డ్‌లో పెట్టారు. 22 నిమిషాలు వీణ విన్నాక లైన్ కట్. నాలుగోసారి కొత్త టికెట్ నంబరిచ్చి, "ఎస్కలేట్ చేశాం, 24 నుంచి 48 గంటలు" అన్నారు. ఆ గంటలు ఏ గడియారంలో లెక్కపెడతారో కాస్త చెప్పండి.

అయిదోసారి ఎత్తిన అబ్బాయి మాత్రం నన్ను ఓదార్చాడు. "స్టేజ్ జీరోనే కదా మేడమ్, టెన్షనెందుకు?"

డాక్టరు గారు నాకు కాగితం మీద గీసి చెప్పిందంతా అతనికి అప్పజెప్పాను. పాత ట్రయల్స్‌ని కలిపి చూస్తే, లంపెక్టమీతో సరిపెట్టుకున్న నూరుమందిలో పదేళ్లలో సుమారు 28 మందికి అదే రొమ్ములో తిరగబెట్టింది. రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్లలో 13 మందికి. తిరగబెట్టినవాటిలో దాదాపు సగం గోడ దాటిన కేన్సర్లే. అయినా ప్రాణాల లెక్కలో రెండు గుంపులకీ తేడా కనబడలేదు. అందుకే తేల్చుకోవడం కష్టం బాబూ, అందుకే ఆ పరీక్ష, అన్నాను. అంతా విని, "ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?" అన్నాడు. ఇంకేమైనా అంటే, అప్పటిదాకా ఏదో చేసినట్టు!

పదకొండేళ్లుగా మా ఇంటిల్లిపాదికీ షుగరైనా థైరాయిడైనా మీ దగ్గరే. పక్కింటివాళ్లని కూడా నేనే పంపాను. మీరిచ్చిన గోల్డ్ కార్డు ఇంకా పర్సులోనే ఉంది. పుట్టినరోజుకి మాత్రం అర్ధరాత్రి 12 గంటలకి టంచనుగా మెసేజ్ పెడతారు, నా నంబరు మీ దగ్గర భద్రంగానే ఉందన్నమాట.

ఆపరేషనై 9 వారాలు దాటింది. రేడియేషన్ డాక్టరు ఇక ఆగొద్దంటున్నారు. స్కోరు లేకుండానే మొదలుపెట్టేస్తానేమో. పరీక్ష ఆలస్యమవడాన్ని క్షమించేదాన్నే, బ్లాక్ పోయిందని మొదటివారమే చెప్పి ఉంటే. తప్పు జరిగిందనడానికి మీలో ఒక్కరికీ నోరు రాలేదు. ఆ బ్లాక్ నాకు తిరిగి కావాలి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి ఆస్పత్రికి అది అవసరం. డబ్బు సంగతి తర్వాత. పేరున్న మనిషెవరైనా ఫోన్ చేయాలి, టికెట్ నంబరు కాదు. లేదంటే వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం. అక్కడ హోల్డ్ మ్యూజిక్ ఉండదు.

ఇట్లు,
మీ గోల్డ్ మెంబరు

తా.క.: ఫ్రిజ్‌లో వెతక్కండి. మైనపు బ్లాక్‌ని మామూలు గదిలోనే పెడతారట. ఇది కూడా నేనే చెప్పాల్సి వచ్చింది.