గైడులో లేని మైకేలిస్

సంపాదకులకు నమస్కారం.

కావలి ట్రంకు రోడ్డులో నాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడుతుంటే ఎం.ఏ. ఇంగ్లీషు పిల్లల నోట్సు మా దుకాణానికే వస్తుంది. ఈసారి ఎక్కువగా వచ్చింది 'ది గ్రేట్ గాట్స్‌బీ' మీద నోట్సు. స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో వెలువరించిన నవల అది. నోట్సులో పట్టిక ఒకటి ఉంది. ఎడమ గడిలో ఆకుపచ్చ దీపం, కుడి గడిలో ఆశ. బూడిద లోయకు ఎదురుగా నైతిక పతనం. డాక్టర్ ఎకిల్‌బర్గ్ కళ్లకు ఎదురుగా దేవుడు. స్కేలు పెట్టి గీసిన గీతలు ముచ్చటగా ఉన్నాయి. నవల కాపీ కావాలని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నేనూ ఒకప్పుడు ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చేసినవాడినే. నవల తెప్పించుకుని, బేరాలు లేని మధ్యాహ్నాల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

ఆ ఎకిల్‌బర్గ్ కళ్ల సంగతే చూడండి. న్యూయార్కు వెళ్లే దారిలో, బూడిద కుప్పల మీద, ఎవరో కళ్ల డాక్టరు గిరాకీ కోసం పెట్టించి వదిలేసిపోయిన బోర్డు అది. ముఖం లేదు, ముక్కు లేదు. రంగు వెలిసిన పెద్ద నీలి కళ్లు, వాటికి పసుపు కళ్లజోడు. మర్టిల్ కారు కింద పడి చనిపోయిన రాత్రి గడిచి తెల్లవారుతుండగా, ఆమె భర్త విల్సన్ కిటికీలోంచి ఆ బోర్డు వైపు చూస్తూ, దేవుడు అన్నీ చూస్తున్నాడంటాడు. పక్కనున్న మైకేలిస్, అది ప్రకటన బోర్డయ్యా అంటాడు. కళ్లంటే దేవుడన్నది భార్య పోయి మతి చెదిరిన గ్యారేజీ మనిషి మాట. కాదన్న మాట కూడా ఆ వెంటనే ఉంది. రచయిత రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. పట్టిక గీసినవారు ఒకటే ఏరుకున్నారు.

ఈ మైకేలిస్ ఆ బూడిద కుప్పల పక్కనే కాఫీ హోటలు నడుపుకునే గ్రీకు కుర్రవాడు. రోడ్డు మీద దుకాణం పెట్టుకున్నవాడిని కనుక నాకు అతని మీద అభిమానం కాస్త ఎక్కువ కావచ్చు. పొరుగింట్లో చావు జరిగితే రాత్రంతా విల్సన్ దగ్గర కూర్చుంటాడు. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఏ చర్చికి వెళ్తావు, స్నేహితులెవరికైనా ఫోను చేయనా అంటూ మాటల్లో పెట్టాలని చూస్తాడు. తెల్లవారాక ముగ్గురికి టిఫిన్ చేస్తాడు. దాన్ని తిన్నది మాత్రం అతనూ, తోడు వచ్చిన మరొకాయనా. విల్సన్ తిన్నాడని లేదు. ఇక కుదుటపడ్డాడనుకుని ఇంటికి వెళ్లి కునుకు తీసి, నాలుగు గంటల తర్వాత పరుగున వస్తే గ్యారేజీలో విల్సన్ లేడు. నవలానాయకుడైన ధనవంతుడు గాట్స్‌బీయే తన భార్య చావుకు కారకుడనుకుని, అతన్ని కాల్చి చంపి తననూ కాల్చుకున్నాడు విల్సన్. గాట్స్‌బీ విందులకు వందలమంది ఎగబడ్డారు, అంత్యక్రియలకు వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలాంటి నవలలో, ఏమీ కాని మనిషి కోసం ఒక రాత్రి మేలుకున్నవాడు ఇతనొక్కడే. నా చేతుల మీదుగా వెళ్లిన పాత్రల జాబితాల్లో ఎక్కడా అతని పేరు కనబడలేదు.

ఆకుపచ్చ దీపం కూడా అంతే. గాట్స్‌బీ ప్రేమించిన డైసీ ఇంటి రేవు దీపం అది, దూరం నుంచి అతను దానికేసి చూస్తాడు. అయిదో అధ్యాయంలో డైసీ వచ్చి పక్కన నిలబడేసరికి దాని మహిమ పోయింది, మళ్లీ అది రేవు చివర వెలిగే మామూలు దీపమైందని కథ చెప్పే నిక్ గమనిస్తాడు. చివరి పేజీలో మళ్లీ దాని ప్రస్తావన వస్తుంది. ఇంత తతంగాన్ని ఒక గడిలో ఎలా కుక్కుతారు?

పిల్లలను తప్పుపట్టను. అల్లూరు నుంచి, వింజమూరు నుంచి బస్సుల్లో పడి వస్తారు, పేపర్లు బోలెడు. 'నవలలోని ప్రతీకలను వివరించుము' అని అడిగినంత కాలం పట్టిక బట్టీ కొట్టడమే తెలివైన పని. కనుక నా మనవి ప్రశ్నపత్రాలు కూర్చే ఆచార్యులకు. నవలలోంచి ఒక పేరా అచ్చువేసి, ఈ మాట ఎవరంటున్నారు, ఏ స్థితిలో అంటున్నారు, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అని అడగండి. గైడ్లు వాటంతట అవే మూలకు చేరతాయి.

పుస్తకం ఖరీదు అనే మాటకూ ఆస్కారం లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది. ఫిట్జెరాల్డ్ పోయింది 1940లో. అమెరికాలో కూడా ఈ నవల 2021 నుంచి అందరిదీ అయింది. ఇప్పుడు కాపీ తీస్తే చట్టం అభ్యంతరపెట్టేది గైడుకే, నవలకు కాదు! అచ్చు గైడు పట్టుకొస్తే నేను తిప్పి పంపుతాను, కొందరికి కోపం వస్తుంది కూడా. ఎవరైనా కొత్త ముందుమాటలూ వ్యాఖ్యలూ లేని వట్టి నవల తెస్తే, కాగితం ఖర్చు మాత్రం తీసుకుని స్పైరల్ బైండింగుతో సహా చేసిస్తాను. మొత్తం వద్దనుకుంటే ఎనిమిదో అధ్యాయం ఒక్కటైనా తీయించుకోండి. మైకేలిస్ కూర్చున్న రాత్రి అందులోనే ఉంది.

– ఒక జిరాక్స్ దుకాణదారు,
కావలి, నెల్లూరు జిల్లా