పాత లగ్జరీ కారు చేతులు మారేటప్పుడు రీకాల్ వివరం కాగితంపైకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని ఆటో కన్సల్టెన్సీల్లో ఎనిమిది, తొమ్మిదేళ్ల బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడీ కార్లు ఇప్పుడు మామూలు కొత్త కారు ధరకే దొరుకుతున్నాయి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు పెట్టడంతో, గడువు దగ్గరపడినవి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకుని ఇటు వచ్చాయి. కొనేవాళ్లు టైర్లు, పెయింటు, మీటరు రీడింగు, చలాన్లు, ఫైనాన్స్ క్లియరెన్సు అన్నీ చూసుకుంటారు. ఆ బండికి కంపెనీ ప్రకటించిన రీకాల్ (లోపమున్న బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) పని పూర్తయిందా అని అడిగేవాళ్లు మాత్రం బహు తక్కువ. అడిగినా, ఆర్‌సీలోగానీ బదిలీ కాగితాల్లోగానీ ఆ సంగతి ఎక్కడా ఉండదు.

మన దేశంలో వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షను చేరింది. దాని కింద నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు, రూ.10 లక్షల నుంచి రూ.కోటి వరకు జరిమానా వేయవచ్చు. అయితే ఇదంతా ఏడేళ్ల లోపు వాహనాలకే. సెకండ్‌హ్యాండ్ లగ్జరీ కార్లు సామాన్యుడి చేతికి వచ్చేది సరిగ్గా ఆ ఏడేళ్లు దాటాకే. పైగా ఈ కార్లలో ప్రాణాల మీదకు తెచ్చిన పెద్ద లోపాలు కొన్ని బండి పాతబడ్డాకే బయటపడ్డాయి.

జపాన్ కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల సంగతే చూడండి. వాటి ఇన్‌ఫ్లేటర్లో (ఎయిర్‌బ్యాగును ఉబ్బించే భాగం) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై గుణం మారిపోతుంది. ప్రమాదం జరిగినప్పుడు అది అతివేగంగా మండి లోహపు డబ్బా పేలుతుంది, ముక్కలు డ్రైవరు ముఖంలోకి, మెడలోకి దూసుకొస్తాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను రీకాల్ చేశారు. బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడ ముందుగా మార్చాల్సిన కార్లను ఫ్లోరిడా లాంటి ఉక్కపోత ప్రాంతాల నుంచే ఎంచుకున్నారు. మన కోస్తా వాతావరణం అందుకు తీసిపోదు. మరో చిక్కు కూడా ఉంది. మొదట్లో కొన్ని కార్లకు తాత్కాలికంగా అదే రకం కొత్త ఇన్‌ఫ్లేటరు బిగించారు, వాటిని మళ్లీ మార్చాల్సి వచ్చింది. కాబట్టి ‘ఎయిర్‌బ్యాగ్ మార్చాం’ అన్న మాట ఒక్కటే చాలదు. ఏ తేదీన, ఏ రీకాల్ కింద మార్చారో సర్వీస్ సెంటరు ఇచ్చే జాబ్‌కార్డులో చూడాలి.

2022 జూన్‌లో మెర్సిడెస్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు పది లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అవి 2004 నుంచి 2015 మధ్య తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ బండ్లు. బ్రేక్ పెడల్‌కు ఎదురుగా ఇంజిన్ వైపు డ్రమ్ములా గుండ్రంగా కనిపించే బ్రేక్ బూస్టరు (కాలితో తొక్కిన బలాన్ని పెంచే భాగం) చుట్టూ ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దాని కింద తేమ నిలిచి రేకు తుప్పు పడుతుంది. తుప్పు బాగా ముదిరితే, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు బూస్టరు దెబ్బతిని పెడల్‌కూ బ్రేకులకూ మధ్య సంబంధమే తెగిపోవచ్చు. అందుకే తనిఖీ అయ్యేవరకు నడపొద్దని కంపెనీయే చెప్పింది. బ్రేకు తొక్కినప్పుడు బుస్సుమని గాలి శబ్దం రావడం, పెడల్ స్పర్శ మారడం దీని లక్షణాలు. తొడుగు తీయకుండా పైపైన చూసి ‘తుప్పేమీ లేదు’ అని చెప్పే మెకానిక్ మాట నమ్మడానికి వీల్లేదు.

బీఎండబ్ల్యూ డీజిల్ కార్లది ఇంకో సమస్య. ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగం) లోపల చిల్లుపడి కూలెంటు కారుతుంది, అది పొగమసితో కలిసి గడ్డకడుతుంది. వేడి పొగ తగిలినప్పుడు ఆ గడ్డ రాజుకుని ఇంజిన్‌లోకి గాలి పంపే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కరిగి మంటలు రావచ్చు. 2018లో దక్షిణ కొరియాలో ఇలా వరుసగా కార్లు తగలబడటంతో, తనిఖీ కాని వాటిని రోడ్డెక్కనివ్వలేదు. ఆ ఏడాదే ప్రపంచవ్యాప్త రీకాల్ 16 లక్షల కార్లకు చేరింది. బండి కింద చుక్క కూడా కనిపించకుండా కూలెంటు మట్టం తగ్గుతూ వస్తుంటే ముందు అనుమానించాల్సింది ఈ కూలర్నే. అలాంటి బండిలో కూలెంటు పోసుకుంటూ తిరగడం చాలా ప్రమాదం.

కొనేముందు చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. ఆర్‌సీలోని 17 అక్షరాల ఛాసిస్ నంబరును బండిపై ఉన్న నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ 17లో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, అవి కనిపిస్తే ఒకటి, సున్నాలను తప్పుగా రాసుకున్నారన్నమాట. తర్వాత ఆ నంబరుతో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపి, పెండింగ్ రీకాల్‌తోపాటు ‘సర్వీస్ క్యాంపెయిన్’ కూడా ఏమైనా ఉందా అని అడగండి. రెండూ వేరు. క్యాంపెయిన్ అంటే రీకాల్ ప్రకటించకుండా కంపెనీ తనంతట తాను సర్వీసులో చేసే మరమ్మతు. రీకాల్ అని అడిగితే రీకాల్ గురించే చెబుతారు, క్యాంపెయిన్ గురించి ప్రస్తావించకపోవచ్చు. జవాబు రాతపూర్వకంగా ఉండాలి. అధీకృత సర్వీస్ సెంటరులో మొత్తం సర్వీస్ హిస్టరీ ప్రింటు తీయించండి. అందులో కిలోమీటర్లు వరుసగా పెరిగాయో లేదో కూడా తేలిపోతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో మన బండి ఛాసిస్ నంబరు కొడితే ఫలితం ఆశించొద్దు, అది అక్కడ అమ్మిన కార్లకే. మోడలు, సంవత్సరం పెట్టి వెతికితే మాత్రం ఏ లోపానికి ఏ కారణం, ఏ మరమ్మతు అన్నది వివరంగా దొరుకుతుంది. అయితే మనకు రాని మోడళ్లు, ఇంజిన్లు అందులో ఉంటాయి, మనకొచ్చినవి కొన్ని ఉండవు.

రీకాల్ లేనంత మాత్రాన బండి మన్నికైనదని అర్థం కాదు. 2007 నుంచి 2011 వరకు వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్ల టైమింగ్ చైను (ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిపించే గొలుసు) ఇందుకు మంచి ఉదాహరణ. 320డీ, 520డీ లాంటి కార్లలో ఉన్నది ఈ ఇంజినే. చైను గేర్‌బాక్సు వైపు ఉండటంతో దాన్ని మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దింపాల్సిందే. భాగం ఖరీదుకన్నా కూలీ ఎక్కువవుతుంది, చైను తెగితే ఇంజినే పోతుంది. చల్లగా ఉన్న బండిని స్టార్ట్ చేసినప్పుడు ఇంజిను వెనక నుంచి గరగరమని శబ్దం వస్తే ఆ బేరం వదిలేయడం మేలు. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న కారునైతే రాత్రంతా నిలిపి ఉంచి, తెల్లవారి స్టార్ట్ చేయకముందే చూడాలి. ఒక మూల కిందికి దిగి ఉంటే అక్కడ గాలి లీకవుతోంది. ఆ లీకును పూడ్చడానికి కంప్రెసరు అదేపనిగా తిరిగి చివరికి కాలిపోతుంది. అమ్మేవాళ్లు ముందే ఇంజిన్ వేడిచేసి, సస్పెన్షన్ పైకి లేపి చూపిస్తే ఈ రెండూ దాగిపోతాయి.

బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ తనిఖీల చరిత్ర, ప్రతిసారీ నమోదైన మైలేజీ, ఫెయిలైన కారణం ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి. చాలా కంపెనీల కార్లకు పెండింగ్ రీకాల్ ఉందో లేదో కూడా తెలుస్తుంది. జర్మనీలో తప్పనిసరి రీకాల్‌ను పట్టించుకోని బండిని రోడ్డెక్కకుండా ఆపేసే అధికారం ఉంది. అమెరికాలో కొత్త కారును రీకాల్ పని పూర్తికాకుండా డీలరు అమ్మకూడదు, సెకండ్‌హ్యాండ్ కారుకు మాత్రం ఆ ఆంక్ష లేదు. అక్కడి మన పిల్లలు పాత కారు కొనేముందు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏలో ఛాసిస్ నంబరు తప్పక చూసుకోవాలి. పెండింగ్ ఉంటే మరమ్మతు ఉచితమే.

మన రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఒక్క పని చేయాలి. ఫారం 29, 30లతో యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేసినప్పుడు, ఇతర రాష్ట్రాల నుంచి ఎన్‌ఓసీతో బండి వచ్చినప్పుడు, ఆ ఛాసిస్ నంబరుపై పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందో లేదో కంపెనీ ఇచ్చిన ధ్రువీకరణ జత చేయమనాలి. కంపెనీలు రీకాల్ నోటీసు పంపేది తమ దగ్గరున్న చిరునామాకే, అది మొదటి యజమానిదై ఉంటుంది. బదిలీ సమయంలో కొత్త యజమాని పేరు, ఫోను నంబరు కంపెనీకి అందే ఏర్పాటు ఉంటే తర్వాత వచ్చే నోటీసైనా అసలు మనిషికి చేరుతుంది. ఇక ఏడేళ్ల పరిమితిని ఎయిర్‌బ్యాగు, బ్రేకు, మంటలకు సంబంధించిన లోపాల విషయంలో ఎత్తేయాలని మన ఎంపీలు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖను అడగాలి.

– ఒక మోటారు వాహన సర్వేయర్, విజయవాడ