బోర్డు మీద తన నంబరు వెళ్ళిపోతున్నా నా పక్కనే నిలబడ్డ పెద్దావిడకి

ఫిక్షన్ కాగితం, అంటే కొత్త పర్మిట్ వచ్చేదాకా పాతదే చెల్లుతుందని చూపించే తాత్కాలిక పత్రం, చేతికొచ్చింది. చదువుకున్న విదేశీయులు ఇక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవడానికిచ్చే బ్లూ కార్డ్ బెర్లిన్‌లో అచ్చయి రావాలి, దానికింకా టైం పడుతుంది. అయినా పర్వాలేదు. నేను జర్మనీలో ఉండొచ్చని, సోమవారం నుంచి పనిలో చేరొచ్చని రాసున్న కాగితం ఇప్పుడు నా బ్యాగులో ఉంది. ఒళ్ళు హూనమైపోయింది. ఒక రాత్రి కడుపునిండా నిద్రపోయి లేచాక రాస్తే ఇంకాస్త కుదురుగా రాసేదాన్ని, కానీ అంతవరకు ఆగబుద్ధి కావడం లేదు.

మా ఆయన, అమ్మానాన్నలు, అన్నయ్య నాతో పాటే రాత్రిళ్ళు మేలుకున్నారు, అడక్కముందే డబ్బు పంపారు. మావాళ్ళు, వాళ్ళకి థాంక్స్ అంటే తిడతారు. ఈ పోస్టు మాత్రం, నాకు పేరు కూడా తెలియని ఒక పెద్దావిడ కోసం.

ముందు సంగతేమిటో చెప్పాలి. నేను జర్మనీలోనే మాస్టర్స్ చేశాను. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు. దాన్ని ఇక పొడిగించరు. ఆ గడువు చివరికొస్తుండగా పడమటి జర్మనీలో, రూర్ ప్రాంతంలో ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. పాత ఊళ్ళో గది ఖాళీ చేసి, ఇక్కడ ఒకతని ఫ్లాట్‌లో సబ్‌లెట్‌కి గది తీసుకున్నాను. అద్దె, డిపాజిట్ కట్టాను, కాంట్రాక్టు రాసుకున్నాం. అంతా సవ్యంగానే ఉందనిపించింది.

ఇక్కడ ఏ ఇంట్లోకి మారినా రెండు వారాల్లోపు బ్యూర్గర్‌ఆమ్ట్‌కి, అంటే ఊరి పౌర సేవల ఆఫీసుకి, వెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలి. మనవాళ్ళంతా అన్మెల్డుంగ్ అనేది దాన్నే. జర్మన్ పౌరులకీ ఇదే రూలు. దానికి అద్దె కాంట్రాక్టు ఒక్కటే చాలదు. 2015 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఫలానా మనిషి ఫలానా తేదీన ఈ ఇంట్లో దిగిందని ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం చూపించాలి. అసలు ఓనరే పెట్టక్కర్లేదు, సబ్‌లెట్ అయితే గది ఇచ్చిన మనిషి పెట్టినా చెల్లుతుంది. నాకు గది ఇచ్చినతను పెట్టనన్నాడు. ఓనర్‌కి చెప్పకుండా గది ఇచ్చాడని అప్పుడు బయటపడింది. ఉండు, అద్దె కట్టు, పేరు మాత్రం ఇక్కడ రాయించకు అన్నాడు.

అన్మెల్డుంగ్ లేకపోతే పర్మిట్లు ఇచ్చే ఈ ఊరి విదేశీయుల ఆఫీసు నా ఫైలు తెరవదు. ఆన్‌లైన్ ఫారంలో ఈ ఊళ్ళో రిజిస్టర్ అయ్యారా అని అడుగుతుంది, లేదని నొక్కితే ముందుకు కదలదు. పాత ఊరి ఆఫీసుకి రాస్తే, మీరు ఉండేది అక్కడ కాబట్టి వాళ్ళనే అడగండన్నారు. పర్మిట్ గడువు దాటితే చేతిలో ఉన్న ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే బ్లూ కార్డ్ అడగడానికి ఆధారమే ఉండదు. ఇన్ని తలుపులూ ఆ ఒక్క సంతకం దగ్గర మూసుకుపోయాయి.

ఇలాంటి సమయంలోనే అడ్రసులు అమ్మేవాళ్ళు తగులుతారు. డబ్బులిస్తే సంతకం పెట్టిన కాగితం పంపుతామంటారు. నాకూ మెసేజ్‌లు వచ్చాయి. ఎవరూ దిగని ఇంటికి ఇలా అడ్రసు ఇస్తే జరిమానా 50,000 యూరోల వరకు వేయొచ్చు. తీసుకున్నవాళ్ళు తర్వాత పర్మిట్ కోసం వెళ్ళినప్పుడు ఇరుక్కుంటారు. దయచేసి వాళ్ళ జోలికి వెళ్ళకండి, ఎంత టెన్షన్‌లో ఉన్నా సరే.

సంతకం కాగితం లేకుండానే బ్యూర్గర్‌ఆమ్ట్‌కి వెళ్ళాను. కౌంటర్ దగ్గరమ్మాయి నా కాంట్రాక్టు చూసి పక్కన పెట్టి, ఆ కాగితం తెచ్చుకుని రండి అంది. అరవలేదు, విసుక్కోలేదు. రెండు ముక్కల్లో నా పని ముగించి తర్వాతి నంబరు పిలిచింది. కారిడార్లోకి వచ్చి, దొరికిన కుర్చీలో కూలబడి ఏడ్చాను. నలుగురిలో ఏడ్చే అలవాటు నాకు లేదు. కానీ ఆ రోజు ఆపుకోలేకపోయాను.

ఎదురు కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. తలకి స్కార్ఫ్, ఒళ్ళో ప్లాస్టిక్ కవర్, కవర్లో కాగితాలు. లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. జర్మన్‌లో, "ఏ కాగితం లేదు?" అంది.

చెప్పాను. ఏడుపులో నా జర్మన్ నాకే అర్థం కాలేదు. ఆవిడకి మాత్రం అర్థమైంది. కాంట్రాక్టు తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. అద్దె బ్యాంకు నుంచే కట్టావా అని అడిగి, ఫోన్లో ఆ లావాదేవీలు చూపించమంది. ఎప్పుడు దిగావంది. కళ్ళజోడు సర్దుకుని అంతా చూశాక, నేనీ జన్మలో మర్చిపోలేని మాటలు చెప్పింది.

"నువ్వు కాగితం లేకుండా రాలేదు తల్లీ. వాడు కాగితం ఇవ్వడం లేదని చెప్పడానికి వచ్చావు. వెళ్ళి అది చెప్పు."

ఇంటి కాగితం కావాలన్న ఆ 2015 చట్టంలోనే, 19వ సెక్షన్లో, ఈ సంగతి రాసి ఉంది. ఇల్లిచ్చినవాళ్ళు ఆ కాగితం ఇవ్వనంటే, ఆ విషయం వెంటనే ఆఫీసుకి తెలియజేయాలి. ఆ తర్వాత ఇల్లిచ్చినవాళ్ళని ఆఫీసే అడగొచ్చు. ఇవ్వనందుకు వాళ్ళకి 1,000 యూరోల వరకు జరిమానా పడొచ్చు. ఆవిడ మనవరాలికి కూడా ఇదే జరిగిందట. అప్పుడు నేర్చుకుని సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకుంది.

నాకు ధైర్యం చాలలేదు. ఒకసారి పంపించేసిన కౌంటర్ దగ్గరికి మళ్ళీ ఎలా వెళ్ళేది? ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరం కలిసి వెళ్ళాం. లోపలున్న వాళ్ళ పని అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడి, తర్వాత మర్యాదగా, తడుముకోకుండా మొత్తం ఆవిడే చెప్పింది. ఆ అమ్మాయి కాస్త తటపటాయించి పైవాళ్ళని పిలవడానికి లేచింది.

సరిగ్గా అప్పుడే గోడ మీద బోర్డు టింగుమంది. ఆవిడ తన చేతిలో చీటీ చూసుకుంది, బోర్డు చూసింది, చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకుంది. నేను కంగారుపడి, మీ నంబరు వచ్చింది, మీరు వెళ్ళండి అన్నాను.

"నాది రేపైనా వస్తుంది. యాభై ఏళ్ళుగా వస్తూనే ఉంది" అంది.

కౌంటర్ ముందే మళ్ళీ ఏడ్చేశాను. ఇంత జరిగినా నిలబడగలిగాను కానీ ఆ ఒక్క మాటకి కరిగిపోయాను. నేనెవరు ఆవిడకి? నా పేరు తెలియదు, నా భాష రాదు. పొద్దున్నుంచీ కూర్చుని తెచ్చుకున్న వంతు నా కోసం వదిలేసింది.

లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చి కాంట్రాక్టు, అద్దె కట్టిన రుజువులు తీసుకున్నాడు. ఇల్లిచ్చినతను సంతకం నిరాకరించాడని నా చేత రాయించుకున్నాడు. అతనికి ఆఫీసు తరఫున ఉత్తరం పంపుతామన్నాడు. నా పేరు నమోదు చేసి రిజిస్ట్రేషన్ కాగితం అక్కడికక్కడే ప్రింట్ తీసి ఇచ్చాడు. ఆయనకి కూడా నా కృతజ్ఞతలు.

అక్కడితో ఆవిడ తన దారిన తను వెళ్ళిపోవచ్చు కదా. వెళ్ళలేదు. పర్మిట్ గడువు ఎప్పుడని అడిగింది. చెప్పేసరికి ముఖం మారిపోయింది. అపాయింట్‌మెంట్ కోసం కూర్చోకు, ముందు గడువులోపు అప్లికేషన్ చేరాలి, వాళ్ళు ఎప్పుడు పిలుస్తారన్నది తర్వాత సంగతి అంది. అక్కడే, ఆ కారిడార్లోనే, బ్యాగు బల్లగా పెట్టుకుని దరఖాస్తు ఉత్తరం రాశాం. రెండు కాపీలు రాయించింది. ట్రామ్ ఎక్కి విదేశీయుల ఆఫీసుకి నాతోనే వచ్చింది. అపాయింట్‌మెంట్ లేనిదే లోపలికి పంపేది లేదని గేటు దగ్గర అన్నారు. లోపలికి రాము, ఇది తీసుకుని రెండో కాపీ మీద ఈ రోజు తేదీతో ముద్ర వేసివ్వండి చాలని ఆవిడ అంది. ముద్ర పడి కాపీ నా చేతికొచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ రాత్రే అన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్లో కూడా పంపాను, కొత్త రిజిస్ట్రేషన్ వివరాలు పెడితే ఫారం ఈసారి ముందుకు కదిలింది.

మనవాళ్ళు చాలామందికి ఈ సంగతి సరిగ్గా తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఉన్న పర్మిట్ గడువు ముగియకముందే కొత్తదానికి దరఖాస్తు పెడితే, దాని మీద నిర్ణయం వచ్చేవరకు పాతది చెల్లుతున్నట్టే లెక్క. పాతదాంట్లో పని చేసే హక్కు ఉంటే అదీ కొనసాగుతుంది. నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో పేరాలో ఉంది. ఫిక్షన్ కాగితం ఆ మాటకి రుజువు. ఫీజు 13 యూరోలు. కాగితం చేతికి రాగానే ఆ నాలుగో పేరా దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోండి. వేరే పేరా దగ్గర టిక్ ఉంటే దేశం దాటి వెళ్ళి తిరిగి రావడానికి అది పనికిరాకపోవచ్చు.

ట్రామ్‌లో ఆవిడ తన గురించి కొంచెమే చెప్పింది. 1972లో టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిందట. కార్మికుల కోసం జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకున్నది 1961లో, ఆ పిలుపులు ఆపేసింది 1973 నవంబర్లో. అంటే దాదాపు చివరి విడతల్లో వచ్చింది. మొదట్లో పర్మిట్ ఏడాదికొకసారి ఇచ్చేవారట, ప్రతి ఏడాదీ భయమేనట. ఆ రోజు బ్యూర్గర్‌ఆమ్ట్‌కి వచ్చిన పని కూడా నాలాంటిదే, వాళ్ళ కాన్సులేట్‌లో చూపించడానికి నివాస ధ్రువపత్రం. యాభై ఏళ్ళు ఇక్కడ పనిచేసి, పిల్లల్ని పెంచి, మనవరాళ్ళని చూసుకున్న మనిషి కూడా తను ఎక్కడుంటుందో కాగితం చూపించుకుంటూనే ఉంది.

నాకు ఇక్కడే కోపం వస్తోంది. చట్టంలో దారి ఉంది, ఆ చట్టాన్ని అమలుచేసే కౌంటర్లో ఎందుకు చెప్పరు? "కాగితం తెండి" అని పంపేయడానికి బదులు "ఇవ్వనంటున్నారా? అయితే ఇక్కడ రాసివ్వండి" అని ఒక్క వాక్యం అంటే సరిపోయేది. కారిడార్లో కూర్చున్న రిటైరైన కార్మికురాలు వచ్చి చెప్పాల్సిన మాటా అది? రెండు వారాల గడువు మాత్రం మా నెత్తిన ఉంటుంది. గడువులోపు నమోదుకి అపాయింట్‌మెంట్లు దొరకవు, తెల్లవారుజామున వెబ్‌సైట్ తెరుచుకుని కూర్చున్నా కళ్ళముందే మాయమవుతాయి. ఈమెయిల్‌కి మెషీన్ జవాబిస్తుంది. చదువుకున్నవాళ్ళు కావాలని 2023 నవంబర్లో బ్లూ కార్డ్ నిబంధనలు సడలించారు, సంతోషం. మరి ఆ కార్డు ఇచ్చే గది దాకా మనిషి చేరే దారి కూడా సడలించాలి కదా. ఆవిడ ఆ రోజు ఆ కుర్చీలో లేకపోతే నా గతేమిటి? అలా ఎవరూ దొరకనివాళ్ళు ఎంతమంది వెళ్ళిపోయి ఉంటారు?

పేరడిగితే నవ్వి, మీ అమ్మకి ఫోన్ చేశావా, ముందు చెయ్యి, అంది. తన స్టాప్ రాగానే దిగిపోయింది. మర్నాడు అదే టైమ్‌కి బ్యూర్గర్‌ఆమ్ట్‌కి వెళ్ళి చూశాను, కనపడలేదు. ఈ పోస్టునే జర్మన్‌లోకి, తెలిసినవాళ్ళ సాయంతో టర్కిష్‌లోకి రాయించి పెట్టుకుంటున్నాను. రూర్ వైపు ఉన్నవాళ్ళెవరికైనా, మనవరాలి కోసం 19వ సెక్షన్ నేర్చుకున్న బామ్మ తెలిసుంటే, ఆవిడ ఒప్పుకుంటేనే నాకు చెప్పండి. చేతులు పట్టుకుని ఒక్క మాట చెప్పుకోవాలి.

అయ్యో, ఇంకా చాలామంది ఉన్నారు. జాయినింగ్ తేదీ జరిపి, "మేం ఆగుతాం, కంగారుపడకండి" అని రాసిన మా హెచ్‌ఆర్ మేడమ్‌కి. సెలవులో ఉండి కూడా నా డిగ్రీ కాపీ పంపిన పాత యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసావిడకి. ఉచితంగా కూర్చోబెట్టి నా ఉత్తరం మళ్ళీ చదివి, ఇంకే కాగితాలు జతచేయాలో చెప్పిన మైగ్రేషన్ కౌన్సెలర్‌కి. ఈ సలహా కేంద్రాలని కారితాస్, డియాకోనీ లాంటి సంస్థలు నడుపుతాయి, డబ్బు తీసుకోరు, తప్పకుండా వాడుకోండి. కొత్త గది దొరికేదాకా తన సోఫా ఇచ్చిన క్లాస్‌మేట్‌కి, ఆ అమ్మాయి రూమ్మేట్‌కి కూడా.

పోస్ట్ చేయబోతుంటే గుర్తొచ్చింది. లైబ్రరీ మూసే టైమ్ అయినా మెషీన్ మళ్ళీ ఆన్ చేసి నా స్కాన్లన్నీ తీసిచ్చిన అబ్బాయి, తమ్ముడూ, నీకూ థాంక్స్. ముద్ర వేసిన గేటు దగ్గరాయనకి కూడా.