నల్లోడి కోసం పెద్ద నీళ్లు

తిరుపతి

చిన్నూ,

నల్లోడి సంగతి ఎత్తగానే ఫోన్లో మాట మార్చేస్తున్నావు. అందుకే కూర్చొని రాస్తున్నాను. వాడు నీ చేప. నువ్వు సరే అనకుండా వాణ్ణి ఇంట్లోంచి కదిలించను. కానీ నా మనసులో ఉన్నది పూర్తిగా విను.

నువ్వు అనంతపురం వెళ్లాక వాడు ఇంకా పెరిగాడు. మొన్న అద్దానికి టేపు ఆనించి చూశాను, 15 అంగుళాలు దాటాడు. మన తొట్టి వెడల్పేమో 18 అంగుళాలు. వెనక్కి తిరగాలంటే ఒళ్లు విల్లులా వంచుతున్నాడు. రాత్రిపూట ఠక్కున లైటు వేసినా, పక్కింటి పిల్లలు మెట్ల మీద గబగబా దిగినా బెదిరిపోయి అద్దానికి కొట్టుకుంటున్నాడు. ముక్కు మీద పుండు మానిందనుకునే లోపే మళ్లీ రేగుతోంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

షాపులో వేలెడంత ఉన్నప్పుడు షార్క్ అని ఇచ్చారు గానీ, వాడు షార్క్ కాదు, జెల్లల జాతి. ఆ మీసాలు చూస్తేనే తెలుస్తుంది. అసలు ఊరు వియత్నాం, కంబోడియా వైపు పారే మెకాంగ్ నది. అక్కడ నాలుగడుగులు దాటి పెరుగుతుంది, 40 కిలోలకు పైగా తూగినవి కూడా ఉన్నాయి. మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో చెరువులు తవ్వి పెంచి, కిలోల లెక్కన అమ్మే పంగాసియస్ కూడా ఇదే. గుంపుగా తిరిగే చేప. మన దగ్గర ఒక్కడే ఉన్నాడు.

తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని నువ్వన్నావు. చాలామంది అదే అంటారు, కానీ నిజం కాదు. ఇరుకులో నీళ్లు చెడి ఎదుగుదల దెబ్బతింటుందంతే. వెన్ను వంకరపోవచ్చు, ఆయుష్షు తగ్గుతుంది. సరిగ్గా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతకగల చేప అది. ఇప్పటికే మన ఫిల్టరు వాడికి చాలడం లేదు. వాడి మలం నుంచి, మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా విరగ్గొట్టాలి. ఇంత పెద్ద ఒంటికి ఆ కాస్త స్పాంజి ఏం సరిపోతుంది? నీళ్లు ఎన్నిసార్లు మార్చినా తొందరగానే వాసన వస్తున్నాయి. ఎండాకాలం కరెంటు పోయిందంటే నాకు ఒకటే టెన్షన్. పని ఎక్కువైందని రాస్తున్నాననుకోకు. పొద్దున్నే మేత డబ్బా చప్పుడు వినగానే పైకి వచ్చి నోరు తెరిచే వాడంటే నాకూ నీ అంత ప్రేమే.

పెద్ద తొట్టి కొందామన్నావు కదా, మీ నాయన లెక్క వేశారు. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు అంటే 60 ఘనపుటడుగులు, దాదాపు 1,700 లీటర్లు. నీళ్ల బరువే 1.7 టన్నులు. మనది అద్దె ఇల్లు, అదీ మొదటి అంతస్తు. ఓనరు గారిని అడిగే ధైర్యం మాకు లేదు. పైగా పూర్తిగా ఎదిగాక వాడికి అది కూడా చాలదు.

అవ్వ కపిలతీర్థం కోనేట్లో వదిలితే పుణ్యమంటోంది. మీ పిన్ని రాయలచెరువులో వదలమంది. ఆ రెండూ నేను ఒప్పుకోను. ఇక్కడి నీళ్లలో పుట్టని చేపను వదిలితే అక్కడి చేపల తిండి, చోటు లాక్కుంటుంది, దాని రోగాలూ అంటుతాయి. తొట్లు శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న సక్కర్ చేపను జనం ఇలాగే వదిలేస్తే, ఇప్పుడది నదుల్లో, చెరువుల్లో పెరిగి వలలు చింపుతోంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించింది నీకు గుర్తుందిగా? ఒక చెరువులో వదిలిన చేప ఆ చెరువులోనే ఉంటుందని ఎవరు చెప్పగలరు?

అవ్వకు ఆమె చెప్పే కథే గుర్తు చేశాను. నాగలాపురం వేదనారాయణస్వామి గుడికి వెళ్లినప్పుడల్లా నీకు చెప్పేది కదా, మత్స్యావతారం కథలో సత్యవ్రతుడనే రాజు దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల కమండలం పట్టనంత పెరిగితే ఆయన బానలో వేశాడు, అదీ చాలకపోతే మడుగులో, తర్వాత సరస్సులో, చివరికి సముద్రంలో. చిన్నప్పుడు నువ్వు అడిగేవాడివి, "మరి రాజుకు దిగులు వేయలేదా అవ్వా" అని. వేసే ఉంటుంది నాన్నా. అయినా చోటు మారుస్తూనే వెళ్లాడు.

ఇక ఉన్న దారులు చెబుతాను. షాపువాళ్లు వెనక్కి తీసుకుంటామన్నారు, బదులు చిన్న చేపలు ఇస్తారట. మళ్లీ ఏ మూడడుగుల తొట్టికో అమ్ముతారు, అది వద్దు. చేపల చెరువువాళ్లకిస్తే తూకానికి పోతాడు. అది నువ్వూ తట్టుకోలేవు, నేనూ తట్టుకోలేను. నాకు నచ్చింది దామలచెరువు పెద్దమామ మామిడితోటలో ఉన్న సేద్యపు కుంట. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచారు, బోరు నీళ్లు పడతాయి, ఎండాకాలంలోనూ ఎండదు. వాగుతో సంబంధం లేదు. కట్ట ఎత్తుగా ఉంది, పొర్లే చోట జాలీ బిగిస్తానన్నాడు. వాడి జాతివే మరో నాలుగైదు పిల్లలు తెచ్చి వేద్దామని కూడా మామే అన్నాడు. వండనని అత్త మాటిచ్చింది. ఆ మాట నీతో నేరుగా చెబుతుందట, ఫోన్ చెయ్యి.

నువ్వు ఒప్పుకుంటే దసరా సెలవుల్లో నువ్వే తీసుకెళ్లు. ముందు రోజు మేత వేయం. వలతో పట్టకూడదు, రెక్కల ముళ్లు చిక్కుకుని చీరుకుపోతాయి. వెడల్పాటి టబ్బు నీళ్లలో ముంచి, వాడు లోపలికి వచ్చాక ఎత్తాలి. మూతకు చిల్లులున్న పెద్ద డ్రమ్ములో సగం మన తొట్టి నీళ్లే పోసి, బ్యాటరీ గాలి పంపు పెట్టి, ఎండ ఎక్కక ముందే బయలుదేరదాం. అక్కడ కుంట నీళ్లు కొంచెం కొంచెంగా డ్రమ్ములో కలిపి, వాడు అలవాటు పడ్డాక వదలాలి.

ఇంతకంటే మంచి చోటు నీకు తోస్తే అదే చేద్దాం. వద్దంటావా, వాడు ఈ తొట్టిలో ఎలా బతకాలో నువ్వే చెప్పు, వింటాను. జాలీ బిగించడానికి మామకు వారం కావాలట, కాబట్టి ఆదివారం లోపు చెప్పు.

మీ అమ్మ