మన కాలనీ సంక్షేమ సంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

వినాయక చవితి, బతుకమ్మ, రక్తదాన శిబిరం ఈ ఏడాదీ బాగా జరిగాయి. నిమజ్జనానికి లారీ పంపిన సభ్యులకు, ప్రసాదాల పని భుజాన వేసుకున్న మహిళా విభాగానికి, జనరేటర్‌ను ఉచితంగా బాగుచేసిన ఏ-బ్లాకు సోదరునికి, రాత్రి కాపలా సిబ్బందికి కృతజ్ఞతలు.

సంఘం గర్వంగా చెప్పుకోవలసింది వాకీటాకీల పని. మన గేట్ల దగ్గరి డీఎంఆర్ (డిజిటల్ వాకీటాకీల ప్రమాణం) సెట్లలో ‘రిమోట్ మానిటర్’ అనే సదుపాయం ఉంది. ఆపదలో ఉన్న మనిషి బటన్ నొక్కలేకపోయినా అతని చుట్టూ ఏం జరుగుతోందో వినడానికి పెట్టింది. దాన్ని తెరిచి వదిలేస్తే మన ఫ్రీక్వెన్సీ, కలర్ కోడ్ (ఒకే ఫ్రీక్వెన్సీ వాడే బృందాలను వేరుచేసే సంఖ్య), సెట్టు నంబరు తెలిసిన ఎవరైనా బయటి నుంచి మైకు ఆన్ చేయించవచ్చు.

సర్వసభ్య సమావేశం రోజు దీన్ని చేసి చూపించాం. సూపర్‌వైజర్ సెట్టు బల్ల మీద ఉంచి, సాంకేతిక ఉపసంఘం సభ్యుడు ఇంకో సెట్టుతో సెల్లార్‌కు వెళ్లారు. మెయింటెనెన్సు బకాయిల మీద హాల్లో సాగిన వాదన కాసేపు ఆయనకు స్పష్టంగా వినిపించింది. బల్ల మీది సెట్టులో లైటు వెలగలేదు, బీప్ లేదు. ఎవరు ఊరెళ్లారో, ఏ ఫ్లాటు తాళం గేటులో ఇచ్చారో కాపలావాళ్లు చెప్పుకునే మాటలు అలా బయటికి పోతే ఎంత ప్రమాదమో అందరికీ అర్థమైంది.

తర్వాత ప్రతి సెట్టునూ కంప్యూటర్‌కు కలిపి, రిమోట్ మానిటర్‌ను అనుమతించే టిక్కు తీసేశాం. ఎమర్జెన్సీ సమయానికి వేరే టిక్కు ఉంటుంది, అదీ తీశాం. అమ్మినవారు సెట్టింగులకు పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు, ఇప్పుడు పెట్టాం. మాటలను బయటివారికి అర్థం కాకుండా మార్చే పద్ధతుల్లో సులువైనదైన ‘బేసిక్ ప్రైవసీ’లో ఉండేవి 255 కీలే (రహస్య సంఖ్యలు) కాబట్టి, ఇంకా బలమైన 256 బిట్ల ఏఈఎస్ పద్ధతి ఎంచుకున్నాం. 2023లో నెదర్లాండ్స్‌కు చెందిన మిడ్‌నైట్ బ్లూ పరిశోధకులు టెట్రా రేడియోల (పోలీసుల వంటి సేవలు వాడే డిజిటల్ రేడియోలు) టీఈఏ1 అనే రహస్య పద్ధతిలో 80 బిట్ల కీ లోలోపల 32 బిట్లకే కుదించుకుపోతోందని బయటపెట్టారు. ఆ సంగతి తెలిశాక తక్కువతో సరిపెట్టుకోబుద్ధి కాలేదు. నిమజ్జనం నాడు పోయిన సెట్టు ఇంకా దొరకలేదు, అందుకని మిగతా అన్నిటిలో కీ మార్చాం.

ఇంత పనీ ముగ్గురే చేశారు. వాలంటీర్ల జాబితాలో పేరిచ్చిన మిగతావారు ఆదివారం వస్తామని రాలేదు, కనీసం ఫోన్ చేసి చెప్పలేదు. లైసెన్సులో సెట్ల సంఖ్య సవరించమని ఇచ్చిన అర్జీ సంబంధిత కార్యాలయంలో కదలడం లేదు. ఎప్పుడడిగినా ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి.

ఈత కొలను గేటులో ఇంకా పాత అనలాగ్ సెట్లే. వాటిలోని టోన్ కోడ్ మన స్పీకర్‌లో పక్కవాళ్ల గొడవ వినపడకుండా చేస్తుందే గాని, మన మాటను దాచదు. ఆ సెట్లు మార్చే తీర్మానాన్ని ఈ సమావేశం ముందు ఉంచుతున్నాం, ఆమోదించగలరు.

ఇట్లు,
కార్యదర్శి