మూడో మనిషి చేరాక చూడు

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఆన్‌లైన్‌లో నడిపే ఆదివారం తెలుగు తరగతికి వీడియో కాల్ కోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఏది పెట్టుకుంటే మంచిదని అడిగావు. పద్దెనిమిది మంది పిల్లలు, మీరిద్దరు టీచర్లు, సగం మంది ఫోన్ డేటా మీద. ఈ లెక్కకు నా ఓటు జిట్సి మీట్‌కే, అదీ మీరే అద్దెకు తీసుకుని నడిపే సొంత సర్వర్ మీద.

సౌకర్యాల జాబితాలు పక్కన పెట్టి, ఒక్కొక్కరి వీడియో మిగతావాళ్ళకు ఎవరి మీదుగా వెళుతోందో చూడు. ఇలాంటిదే అయిన నెక్స్ట్‌క్లౌడ్ టాక్‌కు వేరే హై పెర్ఫార్మెన్స్ బ్యాకెండ్ (వీడియోలు పంచిపెట్టే సర్వర్ భాగం) తగిలించకపోతే ప్రతి ఫోనూ తన వీడియోను మిగతా అందరికీ విడివిడిగా పంపాలి. ఇరవై మందిలో అది పందొమ్మిది కాపీలు. ఏ ఫోనూ తట్టుకోదు, వేడెక్కి ఆగిపోతుంది. జామి అనే ఇంకోదానికి సర్వరే అక్కర్లేదు కానీ, గుంపు కాల్ పెట్టినవాళ్ళ కంప్యూటరే అందరి వీడియోలూ కలిపి తిరిగి పంపాలి. ఇంట్లో నలుగురు మాట్లాడుకోవడానికి బాగుంటుంది, తరగతికి కాదు.

బిగ్‌బ్లూబటన్ అనేది కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో తరగతుల కోసమే పుట్టింది. వైట్‌బోర్డు, పోలింగ్, చిన్న గుంపులుగా విడగొట్టే గదులు అన్నీ ఉన్నాయి. కానీ 3.0 వెర్షన్‌కు కొత్తగా వేసిన ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం) మాత్రమే కావాలి, 16 జీబీ ర్యామ్, 8 కోర్లు కావాలి. రోజూ నాలుగు తరగతులు నడిపే బడికైతే అదే తీసుకోమనేదాన్ని. వారానికో గంటకు అంత సర్వర్ అద్దె దండగ.

జిట్సిలో వీడియోబ్రిడ్జ్ అనే భాగం ఒక్కొక్కరి దగ్గర ఒక్కసారే వీడియో తీసుకుని, ఎవరికి ఎంత నాణ్యత కావాలో అంతే పంపుతుంది. 4 కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న డెబియన్ (ఇదీ లినక్సే) సర్వర్ మీకు చాలు. ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉన్నది తీసుకో, మాట ఆలస్యం తగ్గుతుంది. ముందు డొమైన్ పేరును సర్వర్ అడ్రస్‌కు కలుపు, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ చెయ్యి. పేరు కలవకుండా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే భద్రతా సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేనిదే బ్రౌజర్ కెమెరా ఇవ్వదు.

ఇక అందరూ బోల్తా పడే చోటు. ఇద్దరు మాట్లాడితే అంతా బ్రహ్మాండంగా ఉంటుంది, మూడోవాళ్ళు రాగానే మాటా బొమ్మా రెండూ పోతాయి. కారణం: ఇద్దరే ఉన్నప్పుడు జిట్సి సర్వర్‌ను దాటేసి నేరుగా కలుపుతుంది. మూడోవాళ్ళతోనే వీడియోబ్రిడ్జ్ రంగంలోకి దిగుతుంది. దానికి సర్వర్‌లో యూడీపీ 10000 పోర్టు, అంటే మాటా వీడియో వచ్చిపోయే ద్వారం, తెరిచి ఉండాలి. వెబ్ పేజీకి కావలసిన టీసీపీ 80, 443 తెరిచి ఇది మరిచిపోతారు, లేదా సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌లో తెరిచి క్లౌడ్ కంపెనీ ప్యానెల్‌లో వదిలేస్తారు. రెండు చోట్లా తెరవాలి. అయినా మాట రాకపోతే సర్వర్‌కు లోపలి అడ్రస్ ఒకటి, బయటి అడ్రస్ ఒకటి ఉన్నాయేమో చూసి, బయటిది వీడియోబ్రిడ్జ్ సెట్టింగుల్లో రాయి. అందుకే ఇద్దరితో పరీక్షించి "పనిచేస్తోంది" అనుకోకు.

పిల్లల డేటా సంగతి. కెమెరాలన్నీ తెరిచి, అందరి ముఖాలూ తెర మీద ఉన్నాయనుకో. మాట్లాడేవాళ్ళ పెద్ద బొమ్మకు సెకనుకు 1500 కిలోబిట్లు, మిగతా పద్దెనిమిది చిన్న బొమ్మలకు తలా 200 అనుకుంటే మొత్తం 5100. గంటకు 2.3 జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న పిల్లవాడికి పాఠం మధ్యలోనే తెర ఆగిపోతుంది. జిట్సి కాన్ఫిగ్ ఫైలులో ఛానల్‌లాస్ట్‌ఎన్ (channelLastN) విలువ 5 పెట్టు, చివరగా మాట్లాడిన అయిదుగురి వీడియోలే వెళతాయి, గంటకు ఒక జీబీ దగ్గర ఆగుతుంది. సర్వర్ నుంచి బయటికెళ్ళే డేటా కూడా 46 జీబీ నుంచి సుమారు 21కి దిగుతుంది. చాలా క్లౌడ్ కంపెనీలు బిల్లు వేసేది దాని మీదే.

పద్యాలు అందరిచేతా ఒకేసారి చదివించాలని చూడకు. ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో వచ్చి సంత గోలవుతుంది. నువ్వు చదువు, వాళ్ళు మ్యూట్‌లో పలకాలి, తర్వాత ఒక్కొక్కరినీ అడుగు.

రికార్డింగ్‌కు జిట్సి వాళ్ళ జిబ్రి జోలికి పోకు. దానికి విడిగా మరో మెషీన్ కావాలి, ఒక్క జిబ్రి ఒకసారి ఒక్క తరగతినే రికార్డు చేస్తుంది. నీ ల్యాప్‌టాప్‌లో తెరను రికార్డు చేసే ఓబీఎస్ చాలు. పిల్లల ముఖాలు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకో. వీడియోబ్రిడ్జ్ దగ్గర ఎన్‌క్రిప్షన్ విడిపోతుంది, అంటే సర్వర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు తలుచుకుంటే చూడగలరు. సొంతది పెట్టుకోమనడానికి నా అసలు కారణం ఇదే.

గదులు తెరిచే హక్కు టీచర్లిద్దరికే ఉండేలా ప్రోసొడీలో (జిట్సిలో లాగిన్లు చూసే భాగం) పాస్‌వర్డు పెట్టు. లేకపోతే దారిన పోయేవాళ్ళు మీ ఖర్చుతో మీటింగులు పెట్టుకుంటారు. గది పేరు "తెలుగు" అని పెట్టకు, ఎవరైనా ఊహిస్తారు. లాబీ (బయట వేచి ఉండే గది) ఆన్ చేసి, పేరు చూసి లోపలికి రానివ్వు.

సర్వర్ తీసుకునే ముందు ఒక వారం జిట్సి వాళ్ళే నడిపే మీట్.జిట్.సి (meet.jit.si) సైటులోనే నడిపి చూడు. 2023 ఆగస్టు నుంచి అక్కడ గది తెరిచేవాళ్ళు గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్ ఖాతాల్లో ఒకదానితో లాగిన్ కావాలి, పిల్లలకు అక్కర్లేదు. ఆ వారంలో ఎవరి ఫోన్ మొరాయిస్తుందో రాసి పెట్టుకుని నాకు పంపు.

ఉంటాను,
అమ్మ